సముద్రం వైపు కోణాలు

2022 నాటి మాట. పోర్ట్‌బ్లెయిర్‌కు ఎదురుగా, హార్బర్ అవతలి ఒడ్డున ఒక బడిలో తొమ్మిదో తరగతికి లెక్కలు చెప్పేదాన్ని. ఇల్లు డాలీగంజ్‌లో. రోజూ చాతంలో ఫెర్రీ ఎక్కి బాంబూఫ్లాట్‌లో దిగడం. బట్టల దుకాణంలో పెరిగినదాన్ని, పాఠం కూడా బేరంలాగే చెబుతాను. రెండు సమాంతర రేఖలు, వాటిని అడ్డంగా కోసుకుంటూ పోయే ట్రాన్స్‌వర్సల్ గీసి, "ఒక్క కోణం ఇవ్వండి, మిగతా ఏడూ ఉచితం" అనేదాన్ని. పిల్లలు నవ్వేవారు. సరుకు అమ్ముడైందనే అనుకున్నాను.

నూకరత్నం హోప్ టౌన్‌లో చేపలు పట్టేవాళ్ళ పిల్ల. తరగతిలో ఏ కోణం అడిగినా టక్కున చెప్పేది. వార్షిక పరీక్షలో మాత్రం ఆ ప్రశ్నలన్నీ తప్పాయి, దాంతో లెక్కల్లోనే తప్పింది.

"క్లాసులో అన్నీ రైటు, పరీక్షలో అన్నీ తప్పు. పక్కపిల్లని చూసి రాసేది, ఇంకేముంది?" అన్నారు ప్రిన్సిపల్ మేడమ్ హిందీలో. అంటే ఆ పిల్ల తొమ్మిదిలోనే మరో ఏడాది కూర్చోవాలి, పైగా కాపీ కొట్టేదన్న పేరు మోయాలి.

నేను పేపరు మళ్ళీ చూశాను. తప్పులే, కానీ ఎంత పద్ధతిగా ఉన్నాయి! కింది గీత మీద 65 రావలసిన చోటల్లా 115, 115 రావలసిన చోటల్లా 65. కాపీ సరుకులో ఇంత నేత ఉండదు. రత్నాన్ని ఖాళీగా ఉన్న పరీక్ష హాల్లోకి తీసుకెళ్ళాను.

"నకల్ కొట్టనేదు మేడమ్," అంది ముందే.

"అది అడగట్లేదే. ఇక్కడ 65 ఎందుకు వేశావు?"

కిటికీ వైపు గడ్డం చూపించింది. "అది సముద్రం వేపు పైది కదా. ఇచ్చిన కోణం సముద్రం వేపు పైకి, పహాడ్ వేపు కిందకి వస్తాది. మీ బోర్డు మీద రోజూ అంతే కదా."

హోప్ టౌన్‌లో ముందు సముద్రం, వెనక కొండ. అక్కడ కుడి ఎడమలతో పని లేదు, కంచం జరపాలన్నా సముద్రం వైపు జరపమంటారు. మా తరగతిలో సముద్రం బోర్డుకు కుడివైపు కిటికీలో కనిపిస్తుంది, పరీక్ష హాల్లో ఎడమవైపు, దాంతో జవాబులన్నీ తారుమారయ్యాయి. నేనేమో ఏడాదంతా ఒకే డిజైను చీర అమ్మినట్టు, ట్రాన్స్‌వర్సల్‌ని రోజూ ఒకే వాటంగా వాల్చి గీసి, కోణాన్నీ కుడివైపు పైనే ఇచ్చాను.

ప్రిన్సిపల్ దగ్గరికి వెళ్ళి, మళ్ళీ పరీక్ష పెట్టమని, దానికి నెల గడువు ఇమ్మని అడిగాను. సోమవారం అన్నారు. నాకు కావలసింది ఆ సోమవారమే, నెల అన్నది బేరానికే, అయినా మొహం వేలాడేసుకునే బయటికొచ్చాను.

శుక్రవారం సాయంత్రం రత్నాన్నీ వాళ్ళమ్మనీ నాతో ఫెర్రీ ఎక్కించాను. నడి హార్బర్‌లో అడిగాను.

"ఇప్పుడు సముద్రం ఎటు?"

అటూ ఇటూ చూసింది. "అంతటా ఉంది మేడమ్."

రెయిలింగు అడ్డకమ్మీలు రెంటి మీదా నా గొడుగు ఏటవాలుగా ఆనించాను. కమ్మీలు సమాంతరం కాబట్టి గొడుగు రెంటి మీదా ఒకే వాలుతో పడుతుంది. పై కమ్మీకి పైన గొడుగుకి ఒక పక్క ఉన్న కోణం, కింది కమ్మీకి పైన గొడుగుకి అదే పక్క ఉన్న కోణం సమానం. కరెస్పాండింగ్ యాంగిల్స్ అంటే ఇవే. గొడుగు అటు వాల్చాను, ఇటు వాల్చాను.

"అయితే గొడుగుని సూడాల, సముద్రాన్ని కాదు," అని రత్నం తనలో తనే అనుకుంది.

"నీళ్ళల్లో పడితే కొత్త గొడుగు నాను కొననమ్మా, ముందే సెప్తన్నాను," అంది వాళ్ళమ్మ.

సోమవారం అదే హాలు. ప్రిన్సిపల్ స్వయంగా బొమ్మ గీశారు, అదీ సమాంతర రేఖల్ని నిలువుగా నిలబెట్టి. నేను వరండాలో నిలబడ్డాను. రత్నం తల తిప్పి కిటికీ వైపు చూసింది. తర్వాత పెన్ను ట్రాన్స్‌వర్సల్ మీద పెట్టుకుని రాయడం మొదలుపెట్టింది.

"సబ్ సహీ హై," అన్నారు ప్రిన్సిపల్, రెండుసార్లు దిద్దినా ఒక్క తప్పూ దొరక్క.

"కిటికీ వైపు ఎందుకు చూశావే?" అని అడిగాను బయటికొచ్చాక.

"సముద్రం ఎటుందో సూసి, అటు సూడకూడదనుకున్నాను మేడమ్."

ఇప్పుడు ట్రాన్స్‌వర్సల్‌ని రోజుకో వాటంగా గీస్తున్నాను. తప్పు జవాబు కనిపిస్తే, కొట్టేసే ముందు అది ఎలా వచ్చిందో అడుగుతున్నాను. ఈ అధ్యాయం మొదలుపెట్టే రోజు మాత్రం ముందు కిటికీలు మూయిస్తాను. ఉక్కగా ఉందని పిల్లలు గోల పెడితే, కాసేపు బేరమాడి, సగం తెరవనిస్తాను.