నీళ్లల్ల పడ్డ టార్చి

తొంభైల్లో నేను ఊరూరా తిరిగి టార్చిలైట్లు అమ్మేవాడిని. వెలుగుతున్న టార్చిని బకెట్ నీళ్లలో ముంచి తీసి, "నీళ్లలో పడినా దీనికేమీ కాదు" అంటే చాలు, బేరం కుదిరేది. ఆ మాట మీద నాకంత ధీమా.

సూరత్‌లోని సలాబత్‌పురాలో నర్సవ్వ కూడా అలాగే ఒకటి కొన్నది. మగ్గాల పనికని కరీంనగర్ నుంచి వచ్చి అక్కడే స్థిరపడ్డ కుటుంబం వాళ్లది. మరుసటి ఏడు వానాకాలంలో వాళ్లింట్లో చాయ్ తాగుతుండగా కరెంటు పోయింది. నర్సవ్వ స్నానాల గదిలోకి వెళ్లి, నీళ్ల డ్రమ్ములో మోచేతి దాకా చెయ్యి పెట్టి, నేనమ్మిన టార్చిని తీసి వెలిగించింది.

"ఇదేంటక్కా, నీళ్లలో దాచారు?" అన్నాను.

"నీళ్లకేం గాదని నువ్వే అంటివి గద తమ్మీ! బయట పెడితే గల్లీల అందరు అడిగి పట్కపోతరు."

అంతలోనే గోడవతల నుంచి పక్కింటామె కేకేసింది. "అక్కా, జర బ్యాటరీ లైటు ఇస్తవా?"

"నీళ్లల్ల పడ్డది చెల్లే!" అంది నర్సవ్వ, టార్చిని కొంగుతో తుడుస్తూ.

"అయ్యో, గట్లయితే ఖరాబైనట్టే!"

నర్సవ్వ అబద్ధమేమీ ఆడలేదు. ఊరూరా గొంతెత్తి చెప్పిన మాటను నేనే, ఆ ఒక్క ఇంట్లో, చాయ్‌తో కలిపి మింగేశాను.