గ్యాస్ గోళీ మానేశారా?

జగిత్యాల బస్సులో పక్క సీటు పెద్దమ్మ కొంగుముడి విప్పి, మందుల అట్టలోంచి ఒక గోళీ నొక్కి తీసింది. రేకు చిట్లిన ఆ చిన్న చప్పుడుకు, నిరుడు కన్నుమూసిన మా డాక్టరమ్మ గుర్తొచ్చింది.

కోరుట్లలో ఆమె ఆసుపత్రిలో చీటీలు రాయడం నా మొదటి ఉద్యోగం. నలుగురిలో నోరు విప్పలేని నాకు ఆమె అప్పజెప్పింది మాత్రం అడిగే పని. కడుపులో పుండు చేసే బ్యాక్టీరియా కోసం పరీక్ష చేసే ముందు, రెండు వారాల నుంచి గ్యాస్ గోళీ మానేశారా అని ప్రతి ఒక్కరినీ అడగాలి. గోళీ వాడుతుంటే, బ్యాక్టీరియా ఉన్నా పరీక్షలో దొరక్కపోవచ్చు.

సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు నడిపే నర్సయ్య పదేళ్ళుగా ఆమె దగ్గరికే వచ్చేవాడు. ఆ రోజు ఆయన అంగీ జేబులోంచి గోళీల అట్ట అంచు కనబడుతూనే ఉంది.

"గోళీలు బంద్ చేసిన్రు గదా కాకా?" అన్నాను.

"ఎప్పుడో బంద్ చేసిన బిడ్డా."

చుట్టూ జనం. మళ్ళీ అడిగితే ఆయన్ని అబద్ధాలకోరు అన్నట్టుంటుందని జంకి, "మానేశాడు" అని రాసేశాను. పరీక్షలో ఏమీ లేదని వచ్చింది. డాక్టరమ్మ పాత గోళీలే రాసిచ్చింది.

నెల తిరక్కముందే ఆయన్ని ఇద్దరు మనుషులు పట్టుకుని తీసుకొచ్చారు. కడుపులో పుండు నుంచి రక్తం పోతోంది. ప్రాణం దక్కిందని తెలిశాక, నోటితో చెప్పలేక, నేను చేసింది చీటీ మీద రాసి డాక్టరమ్మ బల్లపై పెట్టాను. ఆమె చదివి, నన్ను నర్సయ్య మంచం దగ్గరికి వెంటబెట్టుకెళ్ళింది. ఉద్యోగం పోయిందనుకున్నాను.

"తప్పు నాది నర్సయ్యా," అందామె. "కారం తగ్గించు, బెంగ, రంది పెట్టుకోకు అని పదేండ్లు గోళీలే రాసిచ్చిన. మేం చదివినప్పుడు గట్లనే చెప్పిన్రు. గీ పుండు బ్యాక్టీరియాతోని వస్తదని తెలిసినంక గూడ, నీకు పరీక్ష చేయిద్దామన్న సోయి నాకు గిన్నొద్దులకు వచ్చింది."

నర్సయ్య నీరసంగా నవ్వాడు. "గా గోళీ లేకుంటే సాంచా కాడ నిలవడలేను మేడం. గందుకే అబద్ధమాడిన. ఇగ కారం తినచ్చా మరి?"

"ముందుగాల మంచిగ గా."

బయటికొచ్చాక నాతో అంది: "నువ్వు ఒక్కనాడు మళ్ల అడుగలే. నేను పదేండ్లు అడుగలే."

రక్తం ఆగి కుదుటపడ్డాక, గోళీలు ఆపించి మళ్ళీ చేసిన పరీక్షలో బ్యాక్టీరియా దొరికింది. రెండు వారాల మందులతో నర్సయ్య తేరుకున్నాడు. ఆ తర్వాత డాక్టరమ్మ పాత రోగులందరినీ పిలిపించి, తప్పు తనదేనని, పరీక్ష చేయించుకోమని చెప్పింది. "ఇన్నొద్దులు తెల్వదా గీమెకు?" అంటూ కొందరు వేరే ఆసుపత్రికి పోయారు. ఆమె చెప్పడం మానలేదు.

కొత్తవాళ్ళతో మాట కలపాలంటే నాకు ఇప్పటికీ జంకే. పెద్దమ్మ అట్టను తిరిగి కొంగున ముడేసుకుంటోంది.

"పెద్దమ్మా, గా గోళీ ఎన్నేండ్ల సంది వేసుకుంటున్నవ్?"

"గ్యాస్ గోళీనే బిడ్డా, ఏం గాదు," అని కిటికీ వైపు తిరిగింది.

మళ్ళీ అడిగాను.