మాబున్నీ ఖాలా ఇంటి చిరునామా

తడి నూలుబట్ట మీద ఇస్త్రీపెట్టె ఆనించగానే ఒక వాసన లేస్తుంది. ఇందాక డ్యూటీ చొక్కా ఇస్త్రీ చేసుకుంటుంటే ఆ వాసన తగిలి చేతిలో పని ఆగిపోయింది. బయట మంచు. గదిలో హీటరు చప్పుడు తప్ప మరో అలికిడి లేదు. బల్ల మీద ఇమిగ్రేషన్ ఆఫీసు ఉత్తరం ఉంది. శాశ్వత నివాసానికి నేను పెట్టుకున్న అర్జీలో, పద్దెనిమిదేళ్లు నిండినప్పటినుంచి ఎక్కడెక్కడ ఉన్నానో రాసిన చోట కొన్ని నెలలు ఖాళీగా ఉన్నాయట. ఆ నెలల్లో ఎవరింట్లో ఉన్నావో ఆ ఇంటివాళ్ల చేతనే రాయించి పంపు, లేకపోతే అర్జీ చెల్లదని చాలా మర్యాదగా రాశారు. అర్జీ పోతే పర్మిట్ గడువు తీరిన రోజే నేను పెట్టె సర్దుకోవాలి. వృద్ధాశ్రమంలో ముసలివాళ్లను ఎత్తి దించి నడుం పోగొట్టుకున్నాక, ఈ వయసులో మళ్లీ మొదటినుంచా? నా మీద నాకే ఒళ్లు మండింది. కావాలని వదల్లేదు. ఆ నెలలు ఎక్కడున్నానో ఎవరికీ చెప్పకపోవడం ఎంత అలవాటైపోయిందంటే, రాస్తున్న చెయ్యి దానంతటదే దాటేసింది.

ఆ అలవాటు చేసింది మాబున్నీ ఖాలా.

మాది జమ్మలమడుగు దగ్గర పల్లె. నాన్నకు గొర్రెల మంద ఉండేది. ఫ్యాక్షన్ రోజులు, నాకప్పుడే పద్దెనిమిది నిండాయి. ఒక పొద్దున మంద తోలుకుపోతూ నాన్న చూడకూడనిది చూశాడు. రెండు వర్గాల పోరులో ఒక మనిషిని పొలంలోనే నరికారు. పోలీసులు నాన్నను సాక్షిగా రాసుకున్నారు. కోర్టులో నోరు తెరిస్తే నీ కూతురు నీకు దక్కదని నరికినవాళ్లు కబురు పెట్టారు. నాన్న అమ్మనూ తమ్ముణ్నీ పులివెందులలో మా మేనమామ ఇంటికి పంపి, నన్ను మాత్రం చుట్టాల ఇళ్లల్లో వెతుకుతారని ప్రొద్దుటూరులో బట్టలు కుట్టే మాబున్నీ దగ్గరికి తీసుకుపోయాడు. ఆమె భర్త కువైట్ పోకముందు మా దగ్గర పొట్టేళ్లు కొనేవాడు. ఆమెకు నాన్న ‘గొర్రెలాయప్ప’గా తెలుసు, అంతే. నాన్న నా పేరు చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

“వద్దప్పా, చెప్పొద్దు. తెలిస్తే ఎప్పుడో నోరు జారి పిలుస్తా. తెలీకుంటే ఆ బాధే లేదు. ఈ పొద్దునుంచి ఈమె మా అక్క కూతురు.” తర్వాత నాకేసి తిరిగి, “పాపా, నన్ను ఖాలా అను. పిన్నమ్మ అని అర్థం. బయట ఎవురన్నా యాడుండావని అడిగితే నవ్వి ఊరుకో. జవాబు మాత్రం చెప్పాకు” అంది.

ఖాలా ఇంట్లో ముందు గది అంగడి, వెనక గది కాపురం. ఇల్లంతా ఎప్పుడూ తడిబట్ట ఇస్త్రీ వాసన. బడికి పోయే కూతురు షకీరా ఒక్కతే తోడు. నన్ను ఎవరూ గుర్తుపట్టకూడదని వీధి వైపు కిటికీ మూసేసింది. ఆ చీకటి గదిలో కాజాలు కుట్టడం నేర్పింది. కుట్టు వంకరపోతే నెత్తిన ఒక్కటిచ్చి, మళ్లీ తనే తల నిమిరేది. అమ్మ గుర్తొచ్చి నేను వెక్కి వెక్కి ఏడుస్తుంటే, ఓదారుస్తుందనుకున్నాను. ఓదార్చలేదు.

“ఏడ్చు పాపా, ఎంత కావల్నో అంత ఏడ్చు. అయితే మిషన్ తొక్కుతా ఏడ్చు. బయటికి ఇనపడదు. నేనూ అంతే చేస్తాండా, మీ ఖాలూ కువైట్ పోయినకాడ్నించి.”

నవ్వొచ్చింది నాకు, అంత ఏడుపులోనూ. ఇప్పుడీ పరాయి దేశంలో నా బట్టలు ఉతుక్కునేటప్పుడు వాషింగ్ మిషను గిర్రున తిరుగుతుంటే పక్కనే నిలబడి ఏడ్చిన రోజులు నాకూ ఉన్నాయి. ఏడుపు ఆపుకోవడం కన్నా అదే నయం.

ఆ ఏడాదే ఎన్నికలు వచ్చాయి. ఖాలాకు రెండు పార్టీల జెండాలూ కుట్టే పని దొరికింది. నాన్నను బెదిరించిన వర్గం ఏ పార్టీలో ఉందో, ఆ పార్టీ జెండాలకే నేను అంచులు మడిచి కుట్టాను. ఖర్మ అంటే అదే! ఒక మధ్యాహ్నం జీపు వచ్చి ఆగింది. జెండాలు తీసుకుపోవడానికి వచ్చిన మనిషి గడప దగ్గర నిలబడి నన్నే చూశాడు. మా ఊరి దారిలో చాలాసార్లు చూసిన మొహం. తల వంచుకుని జెండా అంచు మడవసాగాను.

“ఎవురు మాబున్నీ ఈ పిల్ల? యాడో చూసినట్టుండాదే. పేరేంది?”

ఖాలా కత్తెర బల్ల మీద ఠపీమని పెట్టింది. “వయసొచ్చిన పిల్ల పేరుతో నీకేం పనిరా? మీ ఇంట్లో ఆడోళ్ల పేర్లు నేనడుగుతాండానా? సిగ్గులేకపోతే సరి! జెండాలు తీసుకోని నడువు.”

వాడు తల గోక్కుంటూ పోయాడు. ఆడపిల్ల పేరు అడిగాడన్న మాట నలుగురిలో పడితే పరువు పోతుందని ఆమెకు తెలుసు, వాడికీ తెలుసు. జీపు మలుపు తిరిగాక ఖాలా సూదిలో దారం ఎక్కించబోయింది. ఎక్కలేదు. రెండోసారీ ఎక్కలేదు. నేను ఎక్కించి ఇచ్చాను. ఆ పూట ఇద్దరికీ అన్నం దిగలేదు.

ఎన్నికలయ్యాక రెండు వర్గాల పెద్దలూ రాజీపడి ఒకే పార్టీలో చేరారు, ఒకే వేదిక మీద దండలు వేసుకున్నారు. కేసు నీరుగారిపోయింది. నాన్న సాక్ష్యం ఎవరికీ అక్కర్లేకపోయింది. నన్ను తీసుకుపోవడానికి ఆయన వచ్చిన రోజు, ఇప్పుడైనా చెబుదామని “ఖాలా, నా పేరు...” అన్నాను. ఆమె నా నోరు మూసింది.

“వద్దు తల్లీ. వాళ్ల రాజీ ఎన్నాళ్లుంటాదో! నువ్వు సల్లగుండు, నాకదే శానా.”

తర్వాత నర్సింగ్ చదువు, గల్ఫ్, ఆ పైన ఈ చలిదేశం. ఒకసారి పోయి ఆమె ముందు కూర్చుని నా పేరు చెప్పాలని ఎంత ఆశగా ఉండేదో. అంతలోనే ఖాలా పోయిందని తమ్ముడు ఫోన్ చేశాడు. ఆ రోజు నేను డ్యూటీ మానలేదు. ఎవరు పోయారని సెలవు అడగాలో తెలియలేదు.

ఇప్పుడా ఇంట్లో షకీరా ఉంటోంది. తమ్ముడు ప్రొద్దుటూరు పోయి నంబరు తెచ్చిస్తే ఫోన్ చేశాను. “షకీరా, నేను... మీ ఇంట్లో ఉండిన పాపను.”

“అక్కా! యాడుండావక్కా ఇన్నేళ్లూ? మా అమ్మ కడదాకా తలుచుకునేది. యా దేశంలో ఉందో, తినిందో లేదో అని.”

“తింటున్నా షకీరా,” అన్నాను. తర్వాత సంగతంతా చెప్పాను. మీ ఇంట్లో ఉన్నానని రాసిస్తేనే నాకిక్కడ ఉండే హక్కు వస్తుందని, మీ అమ్మ దాచిన మాట బయటపెట్టమని అడగడానికి నోరు రావడం లేదని అన్నాను.

“అదేం మాటక్కా! దాచింది నువ్వు బతకాలనే కదా. రాసిస్తే నీకు ఇల్లు నిలుస్తాదంటే రాయనా? ఈ పొద్దే రాసి పంపిస్తా. పెన్ను తీసుకున్నా, చెప్పు. ఇంతకీ నీ పేరేందక్కా?”

ఈ ఇంట్లో నేను తప్ప ఎవరూ లేరు. అయినా లేచి వెళ్లి తలుపు గడియ పెట్టి వచ్చి, గొంతు బాగా తగ్గించి, నా పేరు చెప్పాను.