కెమెరాకు పెట్టిన బొట్టు

అక్క మొదటి కాన్పుకు మా ఇంటికి వచ్చింది. బావ దుబాయిలో మేస్త్రీ. పుట్టిన కూతురి మొహం ఫోటోలోనైనా చూడాలని, సెలవు మీద వస్తున్న మా ఊరాయన ఒకరి చేతికి కొత్త డిజిటల్ కెమెరా ఇచ్చి పంపాడు. సంబరంగా పాప మొదటి ఫోటో తీశాను. పై సగం బాగానే ఉంది, కింది సగం నల్లగా వచ్చింది. ఆ తర్వాత ఎన్నిసార్లు తీసినా అంతా నలుపే.

గద్వాలలో ఫోటో స్టూడియో ఆయనకు చూపించాను. "మాల్ దుబాయిది, గ్యారంటీ గూడ ఆడిదే. ఈడ నడవదు" అని తేల్చేశాడు. ఆ సంగతి చెబితే బావ ఫోన్లో నవ్వాడు. "ఫికర్ చేయకురా. తెచ్చినాయనతోనే పంపు, దుకాణమోడు కొత్తది ఇస్తడు" అన్నాడు. ఆయన దసరా దాటితే గాని తిరిగి పోడు. అందాకా కెమెరా మా ఇంట్లోనే ఉంది.

పండుగ రోజు అమ్మకు ఇనుము కనబడితే చాలు, చేయి ఆగదు. కొడవళ్ళకు, పారకు, నా సైకిలుకు బొట్లు పెట్టి కెమెరాకూ పెట్టింది. "దీనికి నొసలు ఏడుందో తెల్వలే. గుండ్రంగున్న కాడ పెట్టిన" అంది. తడి కుంకుమ. పైపైన తుడిచాను గాని, అద్దం చుట్టూ సందులోకి దిగింది పోలేదు.

దుబాయి దుకాణంలో కెమెరా విప్పి ఆ ఎరుపు చూశారట. మీరే పాడుచేశారు, మార్చం అన్నారట. కుంకుమకు ముందే చెడిందని బావ చెప్పుకున్నాడు. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. వాళ్ళ భాష సరిగా రాని మేస్త్రీ మాట ఎవరు నమ్ముతారు? నాకు ఒళ్ళు మండిపోయింది. అమ్మకు మాత్రం ఆ ముక్క చెప్పలేదు.

"వచ్చే శుక్రారం మళ్ళ పోయి అడుగుత" అనేవాడు బావ, ఫోన్ చేసినప్పుడల్లా. ఎలాగూ కొత్త కెమెరా వస్తుంది, పసిపిల్లను బస్సులో స్టూడియోకు తిప్పడమెందుకని మేమూ ఊరుకున్నాం. చలికాలంలో పాపకు జ్వరం వచ్చింది. గద్వాల దవాఖానకు తీసుకుపోయాం. అక్కడే పోయింది. బావ పాస్‌పోర్టు కంపెనీవాళ్ళ దగ్గరుంది. మట్టికి కూడా రాలేకపోయాడు.

మరుసటి ఏడు వచ్చాడు. ఆ పాడు కెమెరా బావ సంచిలోనే ఉంది. దాని కార్డు నా దగ్గరే ఉంచుకున్నాను గనక, మొదటి ఫోటోను ప్రింటు వేయించి పెట్టాను. అందులో పాప జుట్టు, నుదురు, దిష్టిచుక్క కనిపిస్తాయి. కనుబొమల కింద అంతా నలుపే. బావ ఆ నలుపును వేలితో తడుముతూ కూర్చున్నాడు. చూడలేక అమ్మ లోపలికి వెళ్ళిపోయింది.

"కండ్లు ఎవరి తీరుండె?" అని అక్కను అడిగాడు.

"నీ తీరే" అంది అక్క.

అవి అచ్చం అక్క కళ్ళు.