గాదెలో నా మంచు ఇల్లు

మిత్రులారా, పేడ మెత్తిన వెదురు గాదెలు జ్ఞాపకముండాయా? బాగేపల్లిలో టీచరుగా ఉండే మా బిడ్డ పొద్దున ఒక ఫోటో పంపింది. వాళ్ళ బడి పిల్లోళ్ళు థర్మకోలుతో మంచు ఇల్లు కట్టినారు. ఆ చిన్న వాకిలి చూస్తానే నాకు పాత రాగుల వాసన కొట్టింది!

మంచుదేశంలో ఇంట్లోకి పాక్కుంటూ పోతారని నాలుగో క్లాసులో మేష్ట్రు చెప్పినాడు. నేను ఇంటికొచ్చి ఖాళీ గాదె అడుగున రాగులు తీసే బొక్కలో దూరినాను. దూరేది సులభమే. బయటికి రాబోతే వెదురు బద్దలు వీపులో గుచ్చుకున్నాయి. చీకటి, ఉక్క. ఎంత గింజుకున్నా రాలేకపోయినాను. అంతలో పైనుంచి కొత్త రాగులు జలజలా నెత్తిన పడినాయి. మోకాళ్ళు మునిగినాయి. దుమ్ముకు ఊపిరాడక అరిచినాను.

"ఎవుర్రా లోపల?" అన్నాడు పైనుంచి రాగులు పోస్తా ఉండిన మా నాయన.

"నేనే నాయనా! మంచు ఇంట్లో ఉండాను!"

ఆయన కొడవలితో గాదె కోసి నన్ను లాగినాడు. కొడతాడనుకున్నాను. బడి మొహం చూడని ఆ మనిషి నా కథంతా విని, "అట్లా పాక్కుంటూ పోయేవాళ్ళ పేరేమప్పా?" అని అడిగినాడు. మేష్ట్రు ఆ పేరు మాకు చెప్పలేదు.

ఈ పొద్దు మా బిడ్డ చెప్పింది: "వాళ్ళు తమను ఇన్యూట్ అని చెప్పుకుంటారప్పా. అంటే మనుషులు అని."

ఎంత సంతోషమో నాకు! నాయనా, వింటివా? నువ్వడిగినోళ్ళ పేరుకు అర్థం మనుషులంట!