పక్క సీటు బ్రేకు

డ్రైవింగ్ మాస్టారి కారును మలుపు దగ్గర లారీ గుద్దింది. ఆయనకు మోచెయ్యి గీరుకుపోయిందంతే. కారు ముందు భాగం మాత్రం నుజ్జునుజ్జయి షెడ్డుకు చేరింది. పరామర్శకు వచ్చినవాళ్లంతా ఒకటే మాట: "నయం, పక్క సీట్లో ఎవరూ లేరు. అదృష్టవంతులు!" పక్క సీట్లో ఎవరూ లేకపోవడం అదృష్టమెలా అయిందో ఆయనకు అంతుపట్టలేదు. భార్య పోయి ఏడాదైనా తిరగలేదు.

ఇన్సూరెన్స్ ఆఫీసు నుంచి ఎవరు ఫోన్ చేసినా అదే ప్రశ్న. "కారులో మీతో ఎవరున్నారు?"

"ఎవరూ లేరు. నేనొక్కణ్ణే."

"ఒక్కరేనా? ఇంకోసారి చెప్పండి."

ఇంకోసారి చెప్పేవారు.

ఆ కారు ఒకప్పుడు ఆయన పనిచేసిన డ్రైవింగ్ స్కూలుది. రిటైరయ్యాక కొనుక్కున్నారు. పక్క సీటు ముందు, నేర్పేవాడి కాలికి అందేలా బిగించిన రెండో బ్రేకు అలాగే ఉండిపోయింది. మాస్టారి పనితనమంతా దాన్ని నొక్కకపోవడంలోనే ఉండేది. పాదం దానిమీద తాకీ తాకకుండా నిలిపి, శిష్యుడు తనంతట తాను ఆపేదాకా ఊపిరి బిగబట్టేవారు. తర్వాత ఆ సీట్లో కూర్చున్న భార్య అలా కాదు. కుక్క కనిపిస్తే నొక్కేది, సైకిలు కనిపిస్తే నొక్కేది, ఏమీ కనిపించకపోతే అనుమానమొచ్చి మరీ నొక్కేది.

"నాకే నేర్పుతున్నావటే?"

"ఎవరో ఒకరు నేర్పాలిగా మీకు!"

చివరికి నష్టం లెక్కగట్టే ఇన్సూరెన్స్ సర్వేయర్ షెడ్డుకు వచ్చాడు, కుర్రవాడే. కారు చుట్టూ తిరిగి పెదవి విరిచాడు.

"బాగు చేయిస్తే కారు ఖరీదు దాటిపోతుంది మాస్టారూ. టోటల్ లాస్ అని రాసేస్తా. డబ్బు మీకు, కారు తుక్కుకి."

"డబ్బు సంగతి అలా ఉంచు బాబూ. ఆ పక్క బ్రేకొక్కటి నాకు వదిలెయ్యవూ?"

సర్వేయర్ వంగి చూశాడు. "ఇదేంటండీ! మీ బ్రేకు రబ్బరు నిక్షేపంలా ఉంది, ఇది ఇంత అరిగిందేం?"

"మా ఆవిడ."

అతను నవ్వబోయి, ఆయన ముఖం చూసి ఆగిపోయాడు.

"కారు ఉన్నదున్నట్టు అప్పగించాలండీ. బ్రేకు ఊడదీస్తే నా మెడకు చుట్టుకుంటుంది." మళ్లీ వంగి బ్రేకును వేలితో తట్టాడు. "పైన రబ్బరు తొడుగంటారా, దాన్నెవడూ అడగడు. తీసుకోండి."

మాస్టారు మోకాళ్లమీద కూర్చుని లాగారు. పెనుగులాడకుండా ఊడివచ్చింది. ఒక అంచు మాత్రమే కాగితంలా పల్చబడి ఉంది. ఆవిడ పాదం పక్కకి వాల్చి నొక్కేదన్నమాట. ఇన్నేళ్లూ ఆయన అది చూడనేలేదు. చూపెప్పుడూ రోడ్డు మీదే.

తన కారులో ఇంటిదగ్గర దింపుతానన్నాడు సర్వేయర్. మాస్టారు అతని పక్కన కూర్చున్నారు, తొడుగు జేబులో పెట్టుకుని. ఆ మలుపు వచ్చింది. ఎదురుగా ఏ బండీ లేదు. అయినా ఆయన పాదం, కాస్త పక్కకి వాలి, వట్టి నేలను గట్టిగా తొక్కింది.

"భయమేసిందా మాస్టారూ? మెల్లిగానే పోతున్నాగా."

"బాగానే నడుపుతున్నావు బాబూ," అన్నారు ఆయన.

ఇల్లు వచ్చేదాకా పాదం మాత్రం తియ్యలేదు.