మరదలని రాసిచ్చిన చెల్లెలు

ఆ రోజు పొద్దున్న మావారి సేఫ్టీ షూ కాలికి ఎక్కలేదు. రైల్వే వర్క్‌షాప్‌లో ఇరవై ఏళ్లుగా ఫిట్టర్ పని చేస్తున్న మనిషి మంచం మీద కూర్చుని పాదాన్ని వేలితో నొక్కి చూసుకుంటున్నారు. నొక్కిన చోట గుంట పడి అలాగే ఉండిపోయింది. కొత్త షూ ఇచ్చారేమో, సైజు తేడా వచ్చిందేమో అన్నాను. పాతదేనన్నారు. అప్పటికే టిఫిన్ బాక్సు కట్టేశాను కాబట్టి నాకు కాస్త విసుగు కూడా వచ్చింది. ఆ విసుగు తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఖరగ్‌పూర్ రైల్వే ఆస్పత్రిలో బీపీ చూసిన డాక్టరు మెషిన్ పాడైందేమోనని ఇంకో మెషిన్ తెప్పించారు. అందులోనూ అంతే ఉంది. ఒకటి చుట్టూ ఉండాల్సిన క్రియాటినిన్ ఎనిమిది దాటిందని సాయంత్రానికి తెలిసింది. కోల్‌కతాలో ఒక పెద్ద ఆస్పత్రికి పంపించారు. అక్కడి నెఫ్రాలజిస్టు అల్ట్రాసౌండ్ చూసి, "రెండు కిడ్నీలూ ముడుచుకుపోయాయి. మందులతో వెనక్కి రావు" అన్నారు. మెడ దగ్గర కాథెటర్ వేసి డయాలిసిస్ మొదలుపెట్టారు. వారానికి రెండుసార్లు సుభాష్‌పల్లిలోని మా ఇంటి నుంచి స్టేషన్‌కి టోటో అనే బ్యాటరీ రిక్షాలో, అక్కణ్నుంచి హావ్‌డా లోకల్‌లో వెళ్లి రావడమే మా బతుకైంది.

ట్రాన్స్‌ప్లాంట్ చేస్తే మంచిదని, ఇంట్లో ఇచ్చేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని డాక్టరు అడిగారు. నేనిస్తానని వెంటనే అన్నాను. భార్య సిద్ధంగా ఉంటే చాలనుకున్నాను, నా తెలివి అంతవరకే. ఆయన రక్తం ఓ గ్రూపు, నాది ఏ, కలవదు. మాలాంటివాళ్లకు వేరే దారులు కొన్ని ఉన్నాయి గానీ అందరికీ అందవని, ముందు ఓ గ్రూపు వాళ్లెవరైనా ఉన్నారేమో చూడమని చెప్పారు. తిరుగు ప్రయాణంలో కిటికీ వైపు తిరిగి ఏడుస్తూనే వచ్చాను. అత్తగారిది ఓ గ్రూపే, కానీ డెబ్భై దాటిన వయసు, ఏళ్ల తరబడి షుగరు. మా అమ్మాయి ఇంకా ప్లస్ టూ చదువుతోంది. దాని ఊసే ఎత్తవద్దని మావారు గట్టిగా చెప్పేశారు. ఇక మిగిలింది పార్వతి ఒక్కతే.

పార్వతి గురించి ఇక్కడ చెప్పాలి. ఆమె మావారికి సొంత చెల్లెలు. మా అత్తగారి తమ్ముడు రైల్వేలో గార్డు చేసి రిటైరయ్యారు, అందరం ఆయన్ని గార్డు మామయ్య అంటాం. ఆయనకు పిల్లలు లేరు. పార్వతికి తొమ్మిది నెలలప్పుడు అత్తగారు పిల్లను తమ్ముడి చేతిలో పెట్టారు. దత్తత కాగితం ఏదీ రాసుకోలేదు. పుట్టింది శ్రీకాకుళం దగ్గర పల్లెలో, ఇంట్లోనే, కాబట్టి పుట్టిన కాగితమూ లేదు. మామయ్య ఆ పిల్లను తన కూతురిగా రైల్వే పాసులో రాయించారు, ఆస్పత్రి కార్డులో రాయించారు, రైల్వే స్కూల్లో వేశారు. ఇక నా కూతురు అనే మాట నోటితో అననని అత్తగారు తమ్ముడికి మాటిచ్చారు. పార్వతి కన్నతల్లిని అత్తా అనే పిలుస్తుంది. మావారిని మాత్రం చిన్నప్పటి నుంచీ అన్నయ్య అనే అంటుంది, దాన్ని ఎవరూ దిద్దలేదు. సంగతి అందరికీ తెలుసు, ఎవరూ ఎత్తరు.

అడిగేది ఎవరన్నదే పెద్ద సమస్యైంది. అత్తగారు ఆ మాట వస్తే వంటింట్లోకి వెళ్లిపోయేవారు. మావారు నన్నూ ఆపారు. "ఇచ్చీసిన ఆడగుంటని మళ్లీ ఏ మొగం పెట్టుకుని అడుగుతాం? నువ్వెల్లకు" అన్నారు. నేను రెండు వారాలు ఆగి, ఆయనకు చెప్పకుండా మలంచా వెళ్లాను. పార్వతి ఇల్లు అక్కడే. మామయ్య భార్య పోయిన దగ్గర్నుంచి ఆయన కూడా కూతురి దగ్గరే ఉంటున్నారు. టీ గ్లాసు చేతికిచ్చి, నేను నోరు తెరవకముందే పార్వతి అంది, "నాది ఓ పాజిటివ్ వదినా. మొన్ననే సూపించుకున్నాను. ఎవరైనా వొచ్చి అడుగుతారేమో అని సూస్తన్నాను."

ఆమె భర్త ఒప్పుకోవడానికి వారం పట్టింది. ఆయన్ని నేను తప్పుపట్టను. ఇద్దరు పిల్లల తల్లి, ఆ వారమైనా ఆలోచించకపోతే ఎలా?

మొదటి టెస్టులు బాగానే వచ్చాయి. షుగరు లేదు, బీపీ లేదు, యూరిన్‌లో ప్రోటీన్ పోవడం లేదు. ఇక ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్ గదిలో ఫారం నింపాలి. నా చేతిలో పెన్ను, పక్క కుర్చీలో గార్డు మామయ్య. దాత తండ్రి పేరు దగ్గర ఆధార్ చూసి మామయ్య పేరు రాశాను. తర్వాతి గడి, రోగికి ఏమవుతారు? మామయ్య ముఖం చూశాను. ఆయన కిందికి చూస్తున్నారు. కజిన్ అని రాసేశాను. మేనమామ కూతురు, అంటే మావారికి మరదలన్నమాట. ఇరవై ఏళ్లుగా ఆడపడుచని చీరలు పెట్టిన మనిషిని మావారు చేసుకోదగ్గ పిల్లగా నేనే రాసిచ్చాను. రైల్వే ఇళ్లలో పెరిగినవాళ్లం, కాగితంలో ఉన్నదే నిజమని మాకొక అలవాటు. దానికి తోడు మామయ్య ఎదురుగా ఇంకోలా రాయడానికి నాకు చెయ్యి రాలేదు.

కజిన్ అంటే దగ్గరి బంధువు కిందికి రాదని కోఆర్డినేటర్ దీదీ అప్పుడు చెప్పింది. ఫైలు రాష్ట్ర కమిటీకి వెళ్లాలి. పోలీసు ఎంక్వైరీ జరగాలి, కిడ్నీ అమ్ముకోవడం లేదని తేలాలి. అవన్నీ నడిచాకే ఖరీదైన టెస్టులు. నాలుగు నెలలు గడిచాయి. ఒక కానిస్టేబుల్ వచ్చి పార్వతి ఇరుగుపొరుగును అడిగి వెళ్లాడు. ఆ నెలల్లోనే ఒకసారి డయాలిసిస్ బెడ్ మీద మావారికి చలి పుట్టి పళ్లు కొట్టుకున్నాయి. కాథెటర్ ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి వెళ్లిందన్నారు. తొమ్మిది రోజులు ఐసీయూలో ఉన్నారు. రెండో రోజు డాక్టరు నన్ను పిలిచి, "గ్యారంటీ ఇవ్వలేను" అన్నారు. బయట బెంచీ మీద కూర్చుని నేను రాసిన ఆ ఒక్క మాట గురించే ఆలోచించాను. ఆయన పోతే నా చేతిరాత వల్లే పోయినట్టనిపించింది. ఎలాగో గట్టెక్కారు.

తర్వాత కమిటీ అడిగిందని, ఇద్దరి కణజాలం ఎంత కలుస్తుందో చూసే హెచ్‌ఎల్‌ఏ టైపింగ్ చేశారు. రిపోర్టు వచ్చిన రోజు నెఫ్రాలజిస్టు మా అందరినీ గదిలోకి పిలిచి తలుపు వేయించారు. మావారు, పార్వతి, మామయ్య, నేను.

"సిక్స్ అవుట్ ఆఫ్ సిక్స్ మ్యాచ్. కజిన్స్‌లో ఇలా రావడం చాలా అరుదు. నిజం చెప్పండి, ఈమె ఎవరు?"

నేనే అంతా చెప్పాను, పాసు దగ్గర్నుంచి చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. కోపమో నవ్వో తెలియలేదు. "అందరూ పరాయివాళ్లను తెచ్చి చెల్లెలంటారు. చెల్లెల్ని తెచ్చి పరాయిదన్నవాళ్లను మిమ్మల్నే చూశాను" అన్నారు. ఫైలు మళ్లీ మొదటి నుంచి పెట్టాలి. అత్తగారి రక్తం తీసి డీఎన్‌ఏ పరీక్ష చేయాలి. అన్నిటికన్నా ముందు, పార్వతి తనకు పుట్టిన బిడ్డ కాదని మామయ్య అఫిడవిట్ ఇవ్వాలి.

స్టాంపు పేపరు టైపు చేయించి తెచ్చి ఆయన ముందు పెట్టాం. ఆయన చదివి పక్కకు తోశారు. "తొమ్మిది నెలల గుంటని ఎత్తుకొచ్చినాను. బళ్లో ఏసినాను, పెళ్లి సేసినాను. ఇప్పుడు నా కూతురు కాదని రాయాలేటి?" అన్నారు. మావారు లేచి, వద్దు మామయ్యా, డయాలిసిస్ మీదే నడిపిద్దాం అన్నారు. అప్పుడు పార్వతి పెన్ను తెచ్చి తండ్రి చేతిలో పెట్టింది.

"సంతకం పెట్టీ నాన్నా. నువ్వు కాదని రాసినా, రేపు పొద్దున్న నీకు టీ పెట్టేది నానే."

పెట్టారు.

డీఎన్‌ఏలో తల్లీకూతుళ్లేనని తేలింది, సొంత చెల్లెలు కాబట్టి ఈసారి కమిటీ ఆస్పత్రిలోనే కూర్చుంది. పార్వతిని ఒంటరిగా పిలిచి, ఎవరైనా బలవంతం చేశారా అని అడిగారట. "బలవంతమా, నన్ను ఎవరూ అడగనే లేదు" అని చెప్పానంటూ బయటికొచ్చి నవ్వింది. తర్వాత మమ్మల్ని పిలిచారు. ఈమె మీకు ఏమవుతుందని మామయ్యను అడిగారు. ఆయన డ్యూటీలో ఉన్నట్టు నిటారుగా నిలబడి హిందీలో చెప్పారు, "నాకు కూతురు. వీడికి చెల్లెలు. రెండూ నిజమే, రెండూ రాసుకోండి." కమిటీవాళ్లు అఫిడవిట్‌లో అప్పుడే చేత్తో ఒక వాక్యం చేర్పించారు, పసితనం నుంచి పెంచినది వీరేనని. అనుమతి వచ్చింది.

సీటీ యాంజియో చూసి పార్వతి ఎడమ కిడ్నీ తీసుకున్నారు. మావారికి దాన్ని కలిపి, రక్తనాళానికి పెట్టిన క్లాంపు విప్పగానే టేబుల్ మీదే యూరిన్ వచ్చిందని సర్జన్ బయటికి వచ్చి చెప్పారు. జీవితంలో ఆ మాటకు అంత సంతోషిస్తానని ఎవరనుకుంటారు? ఐదో రోజుకు పార్వతి ఇంటికి వెళ్లింది. ఆమె డిశ్చార్జి కాగితంలో డోనర్, సిస్టర్ అని ఉంది. ఇంగ్లీషు రాని అత్తగారు ఆ మాట ఎక్కడుందో వేలు పెట్టి చూపించమన్నారు. చూపించాను. దానికి జిరాక్సు తీయించమన్నారు.

ఇప్పటికి రెండేళ్లు దాటింది. మావారి క్రియాటినిన్ ఒకటీ పాయింట్ రెండు దగ్గర ఉంది. వర్క్‌షాప్‌లో తేలిక పని ఇచ్చారు, మాస్కు పెట్టుకుని వెళ్తున్నారు. మాత్రల టైముకు ఫోను మోగితే ఇంట్లో అందరం ఆయన వైపు చూస్తాం. పార్వతి ఏడాదికోసారి చెకప్‌కి వెళ్తుంది, బాగుంది. పోయిన ఆదివారం మామయ్య ఆమెతో, ఆ ముసల్దాన్ని అమ్మా అని ఒకసారి పిలిస్తే నానేటీ అనుకోను అన్నారు. నలభై ఏళ్ల అలవాటు, నోరు తిరగదంది పార్వతి. అత్తగారే అందరికన్నా ఎక్కువ నవ్వారు.

నాలాంటి ఇళ్లవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. దాతగా ఎవరు ముందుకొచ్చినా, వాళ్లు నిజంగా ఏమవుతారో మొదటి రోజే కోఆర్డినేటర్‌కు చెప్పేయండి, కాగితాల్లో ఏమున్నా సరే. కాగితాలు సరిచేసే దారి వాళ్లకు తెలుసు. మేం ఒక మనిషి మనసు నొప్పించకూడదని నాలుగు నెలలు ఊరుకున్నాం. ఆ నాలుగు నెలలూ మావారు మెషిన్ మీదే ఉన్నారు.